జయంట్ సెల్ ట్యూమర్ తిరగబెట్టింది: జన్యు వ్యక్తీకరణ పరీక్ష చేసి ఉంటే ముందే తెలిసేదా?

మోకాలిచిప్ప

తొడ ఎముక కింది కొసన, మోకాలికి ఆనుకొని పెరిగిన జయంట్ సెల్ ట్యూమర్‌ను గోకి తీసివేసి, ఆ గుంతను ఎముక సిమెంటుతో పూడ్చారు. ఏడాది తిరగకముందే సిమెంటు అంచు వెంబడి ఎముక కరుగుతున్నట్లు ఎక్స్‌రేలో కనిపించింది. సూది బయాప్సీ చేస్తే పాత కణితే మళ్ళీ వచ్చిందని తేలింది. మొదటి నివేదికలో నిరపాయకరమైన కణితి అని రాసి ఉండటం చూసి ఇంటిల్లిపాదీ ఊరట చెందాం కాబట్టి, ఇంత త్వరగా ఈ మాట వినవలసి వస్తుందని అనుకోలేదు.

మొన్న బంధువొకరు ఒక వ్యాసం పంపారు. కణితిలో ఏ జన్యువులు ఎంత చురుకుగా ఉన్నాయో కొలిచి, అది తిరగబెడుతుందో లేదో ముందే అంచనా వేయవచ్చని అందులో ఉంది. ఆ పరీక్ష మొదటే చేసి ఉంటే నాకు ఈ రెండో శస్త్రచికిత్స తప్పేదా? అలాంటిది ఉన్నప్పుడు వైద్యులు దాని ఊసైనా ఎందుకు ఎత్తలేదు?

ఉలి

అలాంటి పరీక్ష చికిత్సలో వాడుకలోకి రాలేదు కాబట్టే ఎవరూ దాని ఊసెత్తి ఉండరు. ఎముక కణితుల శస్త్రచికిత్స నా వృత్తి. జన్యు వ్యక్తీకరణ ఫలితం చూసి ఎంత గోకాలో, ఎక్కడ కోయాలో నేను ఇంతవరకు నిర్ణయించలేదు, నా తోటివారు నిర్ణయించగా చూడలేదు.

ఈ కణితి తిరగబెట్టడం ప్రధానంగా లోపల మిగిలిపోయిన కణాల మీద ఆధారపడుతుంది. కేవలం గోకి వదిలేసిన రోజుల్లో 15 నుంచి 50 శాతం మందిలో తిరగబెట్టినట్లు రకరకాల నివేదికలున్నాయి. గోకిన తరువాత వేగంగా తిరిగే బర్‌తో గోడలను చెక్కి, ఫినాల్ గానీ ద్రవ నైట్రోజన్ గానీ వాడి, సిమెంటు నింపితే ఆ శాతం బాగా తగ్గుతుంది. ఆ ఎముక భాగాన్నే కోసి తీసివేస్తే ఇంకా తగ్గుతుంది, కానీ దానితోపాటు మీ సొంత కీలు పోతుంది. మీ వయసులో కీలును కాపాడటానికి కొంత ప్రమాదాన్ని ఒప్పుకోవడం తప్పుడు నిర్ణయమేమీ కాదు.

మోకాలిచిప్ప

ఆ ప్రమాదం ఎంతో నాకు ముందే చెప్పి ఉంటే ఒప్పుకొనేదాన్నే. చెప్పలేదన్నదే నా బాధ.

ఉలి

చెప్పవలసిందే. ఆ విషయంలో మీతో వాదించను.

స్లైడు_కింద

ఉలి గారి మాటకు పెథాలజీ వైపు నుంచి కొంత చేర్చాలి. ఈ కణితికి పేరు తెచ్చిన పెద్ద కణాలు, అంటే పదుల కొద్దీ కేంద్రకాలతో సూక్ష్మదర్శినిలో కొట్టొచ్చినట్లు కనిపించేవి, నిజానికి కణితి కణాలు కావు. వాటి మధ్య ఏ ప్రత్యేకతా లేనట్లు కనిపించే స్ట్రోమల్ కణాలే అసలు కణితి. అవి ర్యాంక్ లైగాండ్ అనే ప్రొటీన్‌ను విపరీతంగా తయారుచేస్తాయి. ఆ సంకేతం అందుకున్న మోనోసైట్ (ఒక రకం తెల్ల రక్తకణం) జాతి కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఎముకను కరిగించే పెద్ద కణాలుగా మారతాయి. కరిగించే పని ఒకరిది, ఆ పని పురమాయించేది మరొకరు.

ఇక వ్యక్తీకరణ సంగతి. మన కణాలన్నింటిలోనూ దాదాపు ఒకే డీఎన్‌ఏ ఉన్నా, ఏ కణం ఏ జన్యువులను ఆర్‌ఎన్‌ఏగా ఎంత మేరకు నకలు తీస్తున్నదన్న దాన్ని బట్టి దాని స్వభావం ఏర్పడుతుంది. కణితి ముక్కను మొత్తంగా నూరి అందులోని ఆర్‌ఎన్‌ఏను కొలిస్తే, కెథెప్సిన్ కె వంటి, ఎముకను కరిగించే కణాల (ఆస్టియోక్లాస్ట్) జన్యువులు జాబితా పైభాగాన నిలుస్తాయి. అవి స్ట్రోమల్ కణాలు పిలిస్తే వచ్చిన పెద్ద కణాలకు చెందినవి. మళ్ళీ మొలకెత్తగల కణాల సమాచారం ఆ రాశిలో ఎక్కడో కలిసిపోతుంది. కుప్ప నూర్చి గింజలు పోగుపెట్టాక, కలుపు ఏ గట్టున మొలిచిందో చెప్పమన్నట్లుంటుంది ఆ పని.

ఈ కణితికి మూలమైన మార్పు 2013లో బయటపడింది. డీఎన్‌ఏ చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రొటీన్లలో ఒకటైన హెచ్3.3ను తయారుచేసే హెచ్3ఎఫ్3ఎ జన్యువులో, 34వ స్థానంలోని గ్లైసిన్‌కు బదులు ఎక్కువ సందర్భాల్లో ట్రిప్టోఫాన్ వచ్చి చేరుతుంది. ఆ అధ్యయనంలో పరీక్షించిన జయంట్ సెల్ ట్యూమర్లలో 92 శాతంలో హెచ్3ఎఫ్3ఎ మార్పు ఉంది. కాండ్రోబ్లాస్టోమా అనే మరో ఎముక కణితిలో 95 శాతం సందర్భాల్లో హెచ్3ఎఫ్3బి అనే సోదర జన్యువులో మరో స్థానం మారింది. ఇప్పుడు మేము ఆ ట్రిప్టోఫాన్ మార్పును గుర్తించే జీ34డబ్ల్యూ యాంటీబాడీతో స్లైడుకు రంగు వేస్తే స్ట్రోమల్ కణాల కేంద్రకాలు మాత్రమే రంగు పట్టుకుంటాయి, పెద్ద కణాలు పట్టుకోవు. రోగ నిర్ధారణకు ఇది గొప్ప సాయం. అయితే తిరగబెట్టిన కణితిలోనూ, తిరగబెట్టని కణితిలోనూ అదే మార్పు ఉంటుంది కాబట్టి, ఎవరికి మళ్ళీ వస్తుందన్న ప్రశ్నకు అది జవాబివ్వదు.

ఆశావాది99

ఉలి గారూ, స్లైడు_కింద గారూ ఈ పరీక్షలను మరీ తేలికగా తీసిపారేస్తున్నారు. నేను జన్యు పదార్థాన్ని చదివే సీక్వెన్సింగ్ ప్రయోగశాలలో పనిచేస్తున్నాను కాబట్టి నాకు పక్షపాతం ఉందనుకున్నా అభ్యంతరం లేదు. ముక్కను మొత్తంగా నూరి కొలిచే పద్ధతికి పై విమర్శ వర్తిస్తుంది, కానీ ఇప్పుడు ఒక్కొక్క కణంలోని ఆర్‌ఎన్‌ఏను విడివిడిగా చదువుతున్నాం. స్ట్రోమల్ కణాలను వేరుచేసి, వాటిలో ఏవి ఎముక కణాలుగా ఎదిగే దారిలో ఎంత దూరం వెళ్ళి ఆగిపోయాయో చూడగలుగుతున్నాం. 2020లో వచ్చిన పరిశోధనలో, ఆ హిస్టోన్ మార్పు స్ట్రోమల్ కణాల పెరుగుదలను ప్రోత్సహిస్తూ అవి పరిపక్వం కాకుండా అడ్డుపడుతున్నదని చూపించారు. అలాంటి ఆగిపోయిన కణాలు ఎక్కువగా ఉన్న కణితి త్వరగా తిరగబెడుతుందని ఊహించడం అసంగతమా?

ఇంకొక మాట. స్ట్రోమల్ కణాలలో ర్యాంక్ లైగాండ్ అధికంగా వ్యక్తమవుతున్నదని గుర్తించబట్టే దాన్ని అడ్డుకునే డెనోసుమాబ్ అనే మందును ఈ కణితి మీద ప్రయోగించారు, 2013లో అమెరికాలో దానికి అనుమతి కూడా వచ్చింది. జన్యు వ్యక్తీకరణ వల్ల రోగికి ఒరిగిందేమీ లేదని ఎలా అంటాం?

స్లైడు_కింద

ఏమీ ఒరగలేదని నేను అనలేదు. మందును వెతకడానికి పనికొచ్చే సమాచారం ఒకటి, ఒక రోగి భవిష్యత్తును చెప్పగలిగే సమాచారం మరొకటి. మొదటిది సాధించాం. మీ ఊహ అసంగతం కాదు, కానీ ఇంకా ఊహే.

మణికట్టు

డెనోసుమాబ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి నా సంగతి చెబుతాను. నాకు ముంజేతి ఎముక కింది కొసన ఇదే కణితి వచ్చింది. శస్త్రచికిత్సకు ముందు కొన్ని నెలలు డెనోసుమాబ్ ఇచ్చారు. నొప్పి త్వరగా తగ్గింది, కణితి చుట్టూ తెల్లని ఎముక పెంకు ఏర్పడినట్లు స్కానులో కనిపించింది, అందరం సంతోషించాం. ఆ తరువాత గోకి తీశారు. మందు ఆపిన కొంత కాలానికి మళ్ళీ అదే చోట వాపు మొదలైంది, చివరికి ఆ ఎముక కొసను తీసివేసి మణికట్టును బిగించవలసి వచ్చింది. మందు పని చేసినట్లే చేసి ఎందుకు మోసం చేసిందో ఇప్పటికీ నాకు తెలియదు. మందువల్లే తిరగబెట్టిందని ఒకరన్నారు, మందు లేకపోతే ఇంకా ముందే తిరగబెట్టేదని మరొకరన్నారు.

స్లైడు_కింద

మణికట్టు గారూ, మందు తన పని తాను చేసింది. డెనోసుమాబ్ ర్యాంక్ లైగాండ్‌ను పట్టి ఉంచుతుంది. సంకేతం అందకపోవడంతో పెద్ద కణాలు మాయమవుతాయి, ఎముక కరగడం ఆగుతుంది, కొత్త ఎముక అల్లుకుంటుంది. చికిత్స తరువాత వచ్చిన ముక్కను చూస్తే ఇది జయంట్ సెల్ ట్యూమరేనా అని సందేహం కలిగేంతగా రూపం మారిపోయి ఉంటుంది. కానీ జీ34డబ్ల్యూ రంగు వేస్తే, ఆ కొత్త ఎముక సందుల్లో మార్పు ఉన్న స్ట్రోమల్ కణాలు ఇంకా కూర్చొని ఉంటాయి. వాటి వ్యక్తీకరణ మారింది, వాటి ఉత్పరివర్తనం, అంటే డీఎన్‌ఏలోని మార్పు, మారలేదు. మందు ఆపితే మళ్ళీ సంకేతాలు పంపడానికి వాటికి అడ్డేమీ ఉండదు.

ఈ చర్చలో అసలు కీలకం ఇదేనని నాకనిపిస్తుంది. వ్యక్తీకరణ అనేది ముక్క తీసిన ఆ క్షణానికి, ఆ పరిస్థితికి చెందిన కొలత. మందు ఇస్తే మారుతుంది, రక్తప్రసరణ తగ్గితే మారుతుంది, ముక్క తీసి బల్ల మీద ఎక్కువసేపు ఉంచినా మారుతుంది.

ఉలి

శస్త్రచికిత్స కోణం కూడా ఉంది. మందు వాడాక కణితికీ, మంచి ఎముకకూ మధ్య హద్దు చెరిగిపోతుంది. గోకేటప్పుడు గట్టిగా తగిలేది మంచి ఎముకా లేక కణాలను దాచుకున్న కొత్త ఎముకా అన్నది చేతికి తెలియదు. 2018లో ఇటలీ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, ముందుగా డెనోసుమాబ్ వాడి గోకిన వారిలో 60 శాతం మందికి, మందు లేకుండా గోకిన వారిలో 16 శాతం మందికి అదే చోట తిరగబెట్టింది. అప్పటి నుంచి, గోకడమే చేయగలమనుకున్న కణితికి ముందుగా ఈ మందు ఇవ్వడానికి చాలామంది వెనుకాడుతున్నారు. తీయడానికి వీలుకాని వెన్ను, కటి ప్రాంతపు కణితుల్లో మాత్రం దాని విలువ ఏమాత్రం తగ్గలేదు.

పి_విలువ

60, 16 అన్న అంకెలను పక్కపక్కన పెట్టి ముగించడం ప్రమాదకరం. ఆ అధ్యయనంలో రోగులను చీటీలు వేసి రెండు వర్గాలుగా విడదీయలేదు. కణితి పెద్దదిగా, ఎముక గోడను చీల్చుకొని బయటికి వచ్చినదిగా ఉన్నవారికే మందు ఇవ్వడానికి వైద్యులు మొగ్గు చూపుతారు. అలాంటి కణితులు మందు ఉన్నా లేకపోయినా ఎక్కువగానే తిరగబెడతాయి. ఉలి గారు చెప్పిన హద్దు చెరిగిపోవడం నిజమైన కారణమే కావచ్చు, కానీ తేడాలో దాని వాటా ఎంతో ఆ అంకెలు విడదీసి చెప్పలేవు.

ఉలి

ఒప్పుకుంటాను. అయినా ఆ ప్రశ్నకు చీటీలు వేసే ప్రయోగం పూర్తయ్యేదాకా రోగి బల్ల మీద ఆగడు కదా.

తమ్ముడి_అక్క

మీ చర్చ జయంట్ సెల్ ట్యూమర్ గురించి, మాది ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్. అయినా ప్రశ్న ఒకటే కాబట్టి అడుగుతున్నాను. నా తమ్ముడికి కీమోథెరపీ తరువాత కాలు కాపాడుతూ శస్త్రచికిత్స చేశారు. తీసిన కణితిలో 90 శాతం కంటే తక్కువ కణాలు చనిపోయాయని, అందువల్ల ఊపిరితిత్తుల్లో తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని చెప్పారు. ఆ సంగతి కీమో మొదలుపెట్టక ముందే బయాప్సీ ముక్కలోని జన్యువులను చూసి చెప్పలేరా? నెలల తరబడి కీమో పెట్టాక, అది సరిగ్గా పని చేయలేదని తెలుసుకోవడం మాకు చాలా కష్టంగా అనిపించింది.

స్లైడు_కింద

సరిగ్గా ఆ ఆశతోనే చాలామంది పరిశోధకులు ఆస్టియోసార్కోమా బయాప్సీల మీద పనిచేశారు. ఈ జబ్బులో ఇబ్బంది ఏమిటంటే, జయంట్ సెల్ ట్యూమర్‌లోలాగా అందరిలోనూ ఒకే చిన్న మార్పు ఉండదు. కణితులను అణచిపెట్టే టీపీ53, ఆర్‌బీ1 జన్యువులు దెబ్బతినడం తరచుగా కనిపించినా, క్రోమోజోములు ముక్కలై అస్తవ్యస్తంగా అతుక్కుపోయి ఉంటాయి, ఇద్దరి కణితులు ఒకేలా ఉండవు.

2011లో వచ్చిన ఒక ఫలితం మాత్రం గుర్తుంచుకోదగినది. కీమోకు ముందు తీసిన బయాప్సీలలో, తరువాతి ఐదేళ్ళలో జబ్బు వ్యాపించని వారికి, వ్యాపించిన వారికి మధ్య తేడా చూపిన జన్యువుల్లో చాలావాటికి మ్యాక్రోఫేజ్ కణాలతో సంబంధం ఉంది. అంటే తేడా చూపినది అక్కడ చేరిన రోగనిరోధక కణాలు. అవి ఎక్కువగా ఉన్నవారి పరిస్థితి మెరుగ్గా ఉంది. నేను పైన కణితి కణాలు కానివాటి గోల ఎక్కువని విసుక్కున్నాను, ఇక్కడ ఆ గోలలోనే విషయం ఉంది. మ్యాక్రోఫేజ్‌లను ప్రేరేపించే మిఫామర్టైడ్ అనే మందుకు అంతకుముందే, 2009లో, యూరప్‌లో అనుమతి లభించింది. అమెరికాలో మాత్రం లభించలేదు.

ఆశావాది99

నా పక్షాన వాదించినందుకు స్లైడు_కింద గారికి ధన్యవాదాలు.

స్లైడు_కింద

పూర్తిగా మీ పక్షాన కాదు, చదువుతూ ఉండండి.

పి_విలువ

తమ్ముడి_అక్క గారి ప్రశ్నకు రెండు భాగాలున్నాయి. ముందే చెప్పగలమా అన్నది ఒకటి, చెప్పగలిగితే చికిత్స మార్చగలమా అన్నది రెండోది. రెండోదానికి సంబంధించి ఒక కఠినమైన అనుభవం ఉంది. 2005 నుంచి 2011 వరకు 17 దేశాల్లో 2,260 మంది ఆస్టియోసార్కోమా రోగులను చేర్చుకున్న యూరామోస్-1 ప్రయోగంలో, కీమోకు సరిగ్గా స్పందించని వారికి శస్త్రచికిత్స తరువాత ఐఫాస్ఫమైడ్, ఎటోపోసైడ్ అనే కీమో మందులను అదనంగా ఇచ్చి చూశారు. దుష్ప్రభావాలు పెరిగాయి, జబ్బు తిరగబెట్టకుండా గడిచే కాలం మెరుగుపడలేదు. ప్రమాదం ఎక్కువని తెలిసినంత మాత్రాన దాన్ని తగ్గించే మార్గం చేతిలో ఉన్నట్లు కాదు.

మొదటి భాగం నా రంగానికి చెందినది కాబట్టి కొంచెం విస్తరించి చెబుతాను. మనిషిలో ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20,000. ఎముక కణితులు అరుదు కాబట్టి ఒక అధ్యయనంలో రోగులు యాభై మందో, వంద మందో ఉంటారు. అంతమందిని తిరగబెట్టినవారు, తిరగబెట్టనివారు అని రెండుగా విడదీసి, 20,000 జన్యువులలో తేడా చూపేవాటి కోసం వెతికితే, కణితికి ఏ సంబంధమూ లేకుండా కేవలం యాదృచ్ఛికంగా తేడా చూపేవి కూడా వందల్లో దొరుకుతాయి. వాటిలోంచి కొన్నింటిని ఏరి, అదే రోగుల మీద పరీక్షించి, అద్భుతంగా పని చేసిందని ప్రకటించడం సులువు. మరో ఆసుపత్రి రోగుల మీద ప్రయోగిస్తే ఆ జాబితా తరచుగా చతికిలబడుతుంది.

2005లో ముగ్గురు గణాంక శాస్త్రజ్ఞులు క్యాన్సర్ ఫలితాన్ని జన్యు వ్యక్తీకరణతో అంచనా వేసిన ఏడు పెద్ద అధ్యయనాల దత్తాంశాన్ని తీసుకొని, ఏ రోగులతో జాబితా తయారుచేయాలి, ఎవరి మీద పరీక్షించాలి అన్న విభజనను మళ్ళీ మళ్ళీ మార్చి చూశారు. విభజన మారిన ప్రతిసారీ జన్యువుల జాబితా మారిపోయింది. ఏడింటిలో ఐదు అధ్యయనాలు రోగులను వర్గీకరించడంలో యాదృచ్ఛికతను మించలేదు. 2011లో వచ్చిన మరో విశ్లేషణ ఇంకా ఇబ్బందికరం. రొమ్ము క్యాన్సర్‌కు ప్రచురితమైన 47 జన్యు జాబితాలను, అంతే పొడవున యాదృచ్ఛికంగా ఎంచిన జాబితాలతో పోల్చితే, 60 శాతం వాటికంటే చెప్పుకోదగ్గంత మెరుగ్గా లేవు. భోజనం తరువాత నవ్వడానికి సంబంధించిన ఒక జన్యు జాబితా కూడా రొమ్ము క్యాన్సర్ రోగుల ఆయుష్షుతో గణాంకపరంగా ముడిపడింది. కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయన్నది వేలాది జన్యువుల వ్యక్తీకరణలో ప్రతిఫలిస్తుంది కాబట్టి, ఏ జాబితా తీసుకున్నా అందులో ఆ వేగం తాలూకు నీడ పడుతుంది.

చదివేవాణ్ణి

ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాసినవాణ్ణి కాదు. భోజనం తరువాత నవ్వే జన్యువుల కోసం పరిశోధనా నిధులు ఎలా సంపాదించారో తెలుసుకోవాలన్న కోరికతో ఈ ఖాతా తెరిచాను.

పి_విలువ

మధుమేహ రోగులకు హాస్య ప్రదర్శన చూపించి జరిపిన పరిశోధన అది. దాని ఉద్దేశం దానికి ఉంది. క్యాన్సర్‌కు అది ఎంత బాగా సరిపోయిందో చూపించి, మిగతా జాబితాల గొప్పను ప్రశ్నించడం తరువాతివారి ఉద్దేశం.

ఆశావాది99

మీరు చెప్పిన 2005, 2011 నాటి పాఠాలు ఈ రంగం నేర్చుకుంది. రొమ్ము క్యాన్సర్‌లో 21 జన్యువుల పరీక్షను పది వేలమందికి పైగా స్త్రీలతో ప్రయోగించి, ఎవరికి కీమో అక్కర్లేదో 2018లో తేల్చారు. ఎముక, కండరం వంటి కణజాలాల్లో పుట్టే క్యాన్సర్లయిన సార్కోమాలలోనూ 2010లో వచ్చిన సిన్‌సార్క్ అనే 67 జన్యువుల జాబితా ఉంది. క్రోమోజోముల స్థిరత్వానికి, కణ విభజనకు చెందిన జన్యువులవి. ఒక అధ్యయనంలో పుట్టి అక్కడే చచ్చిపోయిన జాబితా కాదు, ఇతర వర్గాల రోగుల మీద కూడా నిలబడింది. అన్ని జాబితాలనూ ఒకే గాట కట్టడం న్యాయం కాదు.

పి_విలువ

సిన్‌సార్క్ ప్రధానంగా మృదు కణజాలపు సార్కోమాల కోసం తయారైంది, అది చెప్పేది దూర ప్రాంతాలకు వ్యాప్తి గురించి. మోకాలిచిప్ప గారు అడిగినది గోకిన చోటనే మళ్ళీ రావడం గురించి. రెండింటికీ కారణాలు వేరు. వ్యాప్తి కణాల స్వభావం మీద ఎక్కువగా ఆధారపడవచ్చు, అదే చోట తిరగబెట్టడంలో శస్త్రచికిత్స వాటా పెద్దది. జన్యువుల జాబితాకు ఉలి గారి బర్ ఏ మూలకు చేరలేదో తెలియదు.

ఉలి

నా బర్‌ను గణాంకాల్లోకి చేర్చినందుకు సంతోషం.

కటి_వలయం

ఈవింగ్ సార్కోమా అనే మరో ఎముక క్యాన్సర్ వైపు నుంచి ఒక చేర్పు. నాకు చికిత్స పూర్తయింది, పర్యవేక్షణలో ఉన్నాను. మా జబ్బులో చాలామందికి 11, 22 క్రోమోజోముల మధ్య ముక్కలు మార్పిడై ఈడబ్ల్యూఎస్‌ఆర్1, ఎఫ్‌ఎల్‌ఐ1 అనే జన్యువులు అతుక్కుపోతాయి. ఆ కలయిక ప్రొటీన్ వేరే జన్యువుల వ్యక్తీకరణను గంపగుత్తగా మార్చివేస్తుందని నా వైద్యురాలు వివరించారు. ఆ కలయిక స్థాయి ఒకే కణితిలోని కణాల మధ్య కూడా మారుతూ ఉంటుందని, తక్కువగా ఉన్న కణాలు కదిలి వెళ్ళే గుణం ఎక్కువగా చూపుతాయని ఈమధ్య చదివాను. అలాంటప్పుడు ఒక్క ముక్క తీసి కొలిచిన సగటుతో ఏం తెలుస్తుంది?

స్లైడు_కింద

మీరు చదివినది సరైనదే. ప్రయోగశాలలో ఆ కలయిక ఎక్కువగా ఉన్న కణాలు విభజన చెందుతూ పోతాయి, తక్కువగా ఉన్నవి అంటుకొని కదిలే గుణాన్ని ప్రదర్శిస్తాయి. సగటు ఆ రెండు వర్గాలనూ కప్పేస్తుంది. అయితే మీ జబ్బుకు ఒక అనుకూలత ఉంది. ఆ అతుకు కణితి కణాల్లో తప్ప మరెక్కడా ఉండదు కాబట్టి, రక్తంలో తేలే కణితి డీఎన్‌ఏ ముక్కల్లో దాన్ని వెతకవచ్చు. నిర్ధారణ సమయంలో రక్తంలో అలాంటి డీఎన్‌ఏ కనిపించినవారికి చికిత్స ఫలితం అంత బాగా లేనట్లు 2018లో నివేదించారు. అది వ్యక్తీకరణ కొలత కాకపోయినా, తిరగబెట్టడాన్ని గమనించే విషయంలో నాకు దాని మీదే ఎక్కువ ఆశ ఉంది.

నిర్వాహకురాలు

డెనోసుమాబ్ మోతాదు గురించి అడుగుతూ వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాను. అకస్మాత్తుగా ఆపితే, ముఖ్యంగా చిన్న వయసువారిలో, రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరగవచ్చు. దీర్ఘకాలం వాడితే దవడ ఎముక దెబ్బతినే ప్రమాదమూ ఉంది. మోతాదు సంగతి మీ వైద్యులతోనే తేల్చుకోండి. చర్చ కొనసాగించవచ్చు.

మోకాలిచిప్ప

అందరి వివరణలూ చదివాను, కొన్ని రెండుసార్లు చదవవలసి వచ్చింది. వచ్చే నెలలో రెండో శస్త్రచికిత్స ఉంది. ఈసారి తీసిన ముక్కను భవిష్యత్తులో ఏదైనా పరీక్షకు పనికివచ్చేలా దాచమని అడగవచ్చా? అడిగితే ఏమని అడగాలి?

స్లైడు_కింద

తప్పకుండా అడగండి, శస్త్రచికిత్సకు ముందే అడగండి. ఎముకతో కూడిన ముక్కను సన్నగా కోయడానికి వీలుగా అందులోని కాల్షియంను కరిగిస్తారు. హైడ్రోక్లోరిక్, నైట్రిక్ వంటి బలమైన ఆమ్లాలతో కరిగిస్తే పని త్వరగా అవుతుంది, కానీ ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ తునాతునకలవుతాయి. కాల్షియంను నెమ్మదిగా లాగే ఈడీటీఏ అనే రసాయనంతో కరిగిస్తే రోజులు పడుతుంది, జన్యు పదార్థం చాలావరకు నిలుస్తుంది. అన్నింటికంటే మేలైన పద్ధతి, మెత్తగా ఉన్న భాగాన్ని మొదటే వేరుచేసి దానికి కాల్షియం తీసే పనే పెట్టకపోవడం. అదృష్టవశాత్తూ మీ కణితిలో మెత్తని భాగం ఎక్కువ. వీలుంటే చిన్న ముక్కను అప్పటికప్పుడు గడ్డకట్టించి ఉంచమని కోరవచ్చు, అయితే ఆ వసతి ప్రతిచోటా ఉండదు.

ముక్కను దాచినందువల్ల మీ చికిత్స వెంటనే మారుతుందని మాత్రం అనుకోకండి. తిరగబెట్టిన కణితిలో ప్రాణాంతకమైన మార్పు ఏదైనా ఉందా అన్నది సాధారణ స్లైడులోనే తేలుతుంది. అది చాలా అరుదు, అయినా చూడమని అడగడం మీ హక్కు.

ఉలి

దీనికి రెండు విషయాలు కలపండి. ఛాతీ స్కాను ఇటీవల చేయకపోయి ఉంటే చేయించండి, ఎందుకంటే ఈ కణితి కొద్దిమందిలో ఊపిరితిత్తులకు చేరుతుంది, ఒకసారి తిరగబెట్టినవారిలో ఆ అవకాశం కొంత ఎక్కువ. మళ్ళీ వచ్చేవాటిలో చాలావరకు మొదటి రెండు మూడేళ్ళలోనే బయటపడతాయి కాబట్టి, ఆ కాలంలో ఎక్స్‌రే తేదీలను వాయిదా వేయకండి. సిమెంటు పక్కన కొత్తగా ఎముక కరిగితే చారలా స్పష్టంగా కనిపిస్తుంది, సిమెంటు వల్ల ఉన్న ఒక లాభం అది.

రెండోసారి గోకినా చాలామందిలో కీలు నిలుస్తుంది. తిరగబెట్టిందంటే కీలు తీసేయడమేనని ఎవరైనా ఖాయంగా చెబితే, ఎముక కణితులు తరచుగా చూసే మరో వైద్యుని అభిప్రాయం తీసుకోండి.

మణికట్టు

నా ముంజేతి ఎముక విషయంలో ముందు నుంచే ప్రమాదం ఎక్కువని తరువాత చదివాను. నిజమేనా?

ఉలి

నిజమే. ఆ కొసన జాగా ఇరుకు, చుట్టూ స్నాయువులు, నరాలు దగ్గరగా ఉంటాయి. కణితి త్వరగా గోడ దాటుతుంది, గోకడానికి చేయి తిరగదు. చాలా అధ్యయనాల్లో అక్కడ తిరగబెట్టే శాతం ఎక్కువగా నమోదైంది. చూడండి, ఇక్కడ కూడా జన్యువుకంటే స్థలమే ఎక్కువ చెప్పింది.

ఆశావాది99

ఉలి గారూ, అదే నా వాదనకు మంచి ఉదాహరణ. ముంజేతి కొసన వచ్చిన ప్రతి కణితీ తిరగబెట్టదు. స్థలం, గోడ చీలిక, శస్త్రచికిత్స పద్ధతి అన్నీ ఒకేలా ఉన్న ఇద్దరిలో ఒకరికి వచ్చి మరొకరికి రాకపోతే, మిగిలిన తేడా ఎక్కడుందో వెతకాలి కదా. స్ట్రోమల్ కణాల వ్యక్తీకరణ ఆ మిగిలిన తేడాలో కొంతైనా వివరిస్తే, ప్రమాదం ఎక్కువున్న వారికి మొదటే ఎముక కొసను తీసివేసి, తక్కువున్న వారికి ధైర్యంగా గోకి కీలు నిలపవచ్చు. అప్పుడు మణికట్టు గారికి రెండుసార్లు బల్ల ఎక్కే అవసరం ఉండేది కాదు.

పి_విలువ

ఈ రూపంలో చెప్పినప్పుడు నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ జాబితాలో ఏ జన్యువులు ఉంటాయో, ఏ హద్దు దాటితే ప్రమాదం ఎక్కువని పిలుస్తారో ఫలితాలు చూడకముందే రాసిపెట్టాలి. దాన్ని తయారుచేసినవారితో సంబంధం లేని మరో చోట రోగుల మీద పరీక్షించాలి. స్థలం, గోడ చీలిక, శస్త్రచికిత్స పద్ధతి ఇప్పటికే చెబుతున్న దానికంటే అది అదనంగా ఎంత చెప్పిందో చూపాలి. ఇలాంటి అరుదైన కణితికి అది ఒక్క ఆసుపత్రి వల్ల అయ్యే పని కాదు, అనేక దేశాలు ముక్కలను ఒకే పద్ధతిలో సేకరించాలి.

స్లైడు_కింద

ఒకే పద్ధతిలో అన్న మాట దగ్గరే సగం ప్రయత్నాలు ఆగిపోతాయి. ఒక చోట ఆమ్లం, మరో చోట ఈడీటీఏ, ఇంకో చోట డెనోసుమాబ్ ఇచ్చిన తరువాత తీసిన ముక్క. వాటిని కలిపి కొలిస్తే జాబితా కణితిని వదిలేసి ప్రయోగశాలల మధ్య తేడాను పట్టుకుంటుంది.

ఆశావాది99

మందుకు ముందు తీసిన బయాప్సీ ముక్కలను మాత్రమే తీసుకుందాం, ఈడీటీఏ వాడినవాటిని మాత్రమే తీసుకుందాం.

పి_విలువ

అలా వడకడితే మళ్ళీ యాభై మందే మిగులుతారు.

ఆశావాది99

అందుకే ఇకనుంచి తీసే ముక్కలకైనా ఆ నియమం పెట్టమంటున్నాను, ఐదేళ్ళ తరువాత లెక్క వేరేగా ఉంటుంది.